చర్చ: ఎండాకాలంలో పుట్టబోయే మనవడికో మనవరాలికో క్రోషే దుప్పటి. కాటనా, ఆక్రిలిక్కా? గుబ్బల అల్లిక వేయొచ్చా?

కావలి అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఏప్రిల్ చివర్లో డెలివరీ అని డేటు ఇచ్చారు. తొలి కాన్పు కాబట్టి పురుడు కావలిలో మా ఇంట్లోనే. బిడ్డకు నా చేత్తో ఒక దుప్పటి అల్లి ఇవ్వాలని చాలా కోరికగా ఉంది. సాదా అల్లిక కాకుండా, తడిమితే చేతికి తెలిసేలా గళ్లు, గుబ్బలు ఉన్న అల్లిక వేయాలని. యూట్యూబులో గుబ్బల బాబుల్ స్టిచ్, గళ్ల వాఫిల్ స్టిచ్ చూసినప్పటి నుంచి మనసు వాటి మీదే ఉంది.

ఇంట్లో మాత్రం తలా ఒక మాట. "ఈ ఎండల్లో ఊలు దుప్పటి ఎవరు కప్పుతారమ్మా" అంటుంది అమ్మాయి. పుట్టకముందే బిడ్డకు ఏదీ సిద్ధం చేయకూడదని మా అక్క పట్టుబడుతోంది. షాపులో అడిగితే ఆక్రిలిక్ మెత్తగా ఉంటుంది, అదే తీసుకెళ్లండి అన్నారు. మీరైతే ఏం చేస్తారు? ఎందుకో కూడా చెప్పండి, అమ్మాయికి చెప్పుకోవాలి.

మార్కాపురం నానమ్మ:
ఆక్రిలిక్కే తీసుకోండమ్మా. మా మనవళ్లందరికీ దాంతోనే అల్లాను. పసిబిడ్డ దుప్పటంటే రోజూ తడిసేది. ఉచ్చ పోస్తారు, పాలు కక్కుతారు, ఉతుకుతూనే ఉండాలి. కాటన్ దారంతో గుబ్బలు వేస్తే నీళ్లన్నీ పీల్చుకుని బరువెక్కుతుంది, పిండేవాళ్ల చేతులు పడిపోతాయి. ఆక్రిలిక్ నీళ్లు పట్టుకోదు, దులిపి తీగ మీద వేస్తే పూట తిరిగేలోపు ఆరిపోతుంది. గుబ్బ కూడా ఆక్రిలిక్‌లోనే పొంగి నిలబడుతుంది. కాటన్‌కు సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం లేదు, ఉతికే కొద్దీ గుబ్బ చప్పబడిపోతుంది.

ఎండాకాలం అంటున్నారు సరే, ఏప్రిల్లో పుట్టిన బిడ్డకు నవంబరు వచ్చేసరికి ఏడో నెల. అప్పుడు మీ నెల్లూరు జిల్లాలో అల్పపీడనాలు, ముసురు. ఆ తేమలో మందపాటి కాటన్ దుప్పటి రెండు రోజులైనా ఆరదు. మాకైతే డిసెంబరు రాత్రుల్లో నల్లమల వైపు నుంచి చలిగాలి. దుప్పటి ఒక్క వేసవి కోసం అల్లుకోము కదా.

లేసుపని:
నాది పుట్టిల్లు నరసాపురం దగ్గర, మెట్టినిల్లు నెల్లూరు. మా వైపు ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని లేసు అల్లడం చూస్తూ పెరిగాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఆ లేసు పనంతా నూలు దారంతోనే. అందుకే నాకు కాటన్ మీద మమకారం ఉంది, దాచను. కానీ నా కారణాలు మమకారంతో ఆగిపోవు.

ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్ జాతి దారం. మెత్తగా ఉంటుంది, నిజమే. చెమటను మాత్రం పీల్చుకోదు. కావలిలో మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఆ దుప్పటి కింద బిడ్డ ఒళ్లు ఉడికిపోతుంది. ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు. మన ఇళ్లలో బిడ్డకు తలంటి సాంబ్రాణి ధూపం వేస్తారు. నిప్పుల మీది పొగ అది. ఒక్క రవ్వ ఎగిరి పడినా ఆక్రిలిక్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాటన్ కూడా కాలుతుంది, కరిగి మాత్రం అంటుకోదు.

మార్కాపురం నానమ్మ గారు గుబ్బ గురించి చెప్పినదాంతో నేనూ ఏకీభవిస్తాను. కాటన్‌లో బాబుల్ బరువు, పైగా దారం ఎక్కువ తింటుంది. దానికి విరుగుడు దారం మార్చడం కాదు, అల్లిక మార్చడం.

మార్కాపురం నానమ్మ:
ధూపం వేసేటప్పుడు దుప్పటి తీసి పక్కన పెడతామమ్మా. నిప్పుల దగ్గరికి దుప్పటితో బిడ్డను ఎవరూ తీసుకుపోరు. కరెంటు పోతే దుప్పటి తీసేస్తాం. పెద్దవాళ్లం పక్కనే ఉంటాం కదా.

ఒంగోలు సిస్టర్:
ప్రసూతి వార్డులో పని చేస్తాను కాబట్టి ఇది చెప్పి తీరాలి. కాటనా ఆక్రిలిక్కా అనే మాటకు ముందు, ఆ దుప్పటి ఎక్కడ వాడతారన్నది తేలాలి. ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రపోయే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లోనూ అదే ఉంది. ముఖం మీదికి జారిన దుప్పటిని తీసేసుకునే శక్తి పసిబిడ్డకు ఉండదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, నిద్రలో తల కప్పకూడదు. ఒళ్లు ఎక్కువ వేడెక్కడం కూడా ప్రమాదమే.

చేతులు, పాదాలు చల్లగా తగిలితే చలేస్తోందని ఒకదాని మీద ఒకటి కప్పేస్తారు. పసిబిడ్డల చేతులు కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనకాల, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట ఉంటే బట్ట ఎక్కువైందని అర్థం. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల విషయం వేరు. వాళ్లకు వెచ్చదనం చాలా అవసరం, అది డాక్టరు చెప్పిన పద్ధతిలో, తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టి ఇస్తాం.

అల్లికలో మేము భయపడేది రంధ్రాలకు, వేలాడే పోగులకు. పసివాళ్ల కాలివేలికి పోగు చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. వేలు వాచి ఎర్రబడ్డాక చూస్తారు. కాబట్టి జాలీ అల్లిక వద్దు, వెనక వైపు పోగులు వదలొద్దు. ధూపం మాటకొస్తే, రవ్వ సంగతి తర్వాత, ఆ పొగే బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కనిగిరి తాతయ్య:
అల్లే ఆడవాళ్ల మధ్య మాట్లాడుతున్నానని ఏమీ అనుకోవద్దు. మా ఇళ్లలో పసిబిడ్డకు మొదట వేసేది పాత బట్టే. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలే పొత్తిళ్లకు, అవే పొరలుగా పరిచి బొంత కుట్టేవాళ్లు. చెమట పీలుస్తుంది, ఒరుసుకోదు, రంధ్రం ఉండదు, ఖర్చు లేదు. మొదటి నెలల్లో దానికి మించింది ఏ షాపులోనూ దొరకదని నా నమ్మకం. అల్లిన దుప్పటి చూడటానికి బాగుంటుంది, ఫొటోకు బాగుంటుంది. బిడ్డకు అవసరమా అంటే నా జవాబు అవసరం లేదనే.

నెల్లూరు కొత్తమ్మ:
తాతయ్యగారూ, మీ మాట మొదటి నెలల వరకే ఒప్పుకుంటాను. మా బాబుకు మా అత్తయ్య దుప్పటి అల్లారు, ఆక్రిలిక్‌తోనే. మేలో కప్పితే మెడ నిండా చెమటకాయలు వచ్చాయి, తీసి బీరువాలో పెట్టేశాను. వాడు బోర్లా పడి, ఇంట్లో బొబ్బట్లు పంచాక, ఆ దుప్పటే నేల మీద పరిచాను. అప్పటి నుంచి అదే వాడి లోకం. గుబ్బలు పట్టుకుని లాగుతాడు, వేలితో పొడుస్తాడు, గళ్ల మీద అరచెయ్యి రుద్దుతాడు. సాదా బొంత మీద పడుకోబెడితే ఇంతసేపు ఆడడు.

పిన్నిగారూ, మీరు గుబ్బలు మానొద్దు. కప్పడానికని కాకుండా, పరవడానికని అల్లండి. మీ అమ్మాయికి అలా చెబితే ఆమే ఒప్పుకుంటుంది. మా అత్తయ్యకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే కాటన్ తీసుకునేవారు.

లేసుపని:
కొత్తమ్మ చెప్పింది చాలా విలువైన మాట. పరిచే దుప్పటైతే కాటన్ బరువు లోపం కాదు, మేలు. నేల మీద ముడత పడకుండా కుదురుగా ఉంటుంది.

ఇక అల్లిక గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఈ చర్చంతా దాని చుట్టూనే తిరుగుతోంది. బాబుల్ అంటే ఒకే కుట్టులో ఐదు డబుల్ క్రోషేలు, అంటే పొడుగు కుట్లు, పూర్తి చేయకుండా వేసి, అన్నింటినీ ఒక్కసారిగా లాగి మూసేది. గుబ్బ అవతలి వైపుకు పొడుచుకొస్తుంది, వెనక వైపు గుంట పడుతుంది. పాప్‌కార్న్ అల్లికలో గుబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది. ఇవి దుప్పటంతా నింపితే చెంప ఆనిన చోట అచ్చులు పడతాయి. వాఫిల్ అందంగా ఉంటుంది, కానీ మందం. పైగా వెనక వైపు అంత అందం ఉండదు. బుట్ట అల్లినట్టు కనిపించే బాస్కెట్‌వీవ్ ఇంకా మందం, మన వాతావరణానికి అది వద్దే వద్దు.

నేను చెప్పేది లెమన్ పీల్ అల్లిక. ఒక సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు), ఒక డబుల్ క్రోషే, వరసంతా ఇలా మార్చి మార్చి వేయాలి. పై వరసలో సింగిల్ మీద డబుల్, డబుల్ మీద సింగిల్. పునాది గొలుసు కుట్లు సరి సంఖ్యలో వేసి ఒకటి అదనంగా కలుపుకుని, కొక్కెం నుంచి రెండో గొలుసులో మొదటి సింగిల్ వేయండి. ప్రతి వరసా సింగిల్‌తో మొదలై డబుల్‌తో ముగుస్తుంది, లెక్క తప్పితే వెంటనే తెలిసిపోతుంది. రెండు వైపులా ఒకేలా, చిన్న చిన్న పొంగులతో గరుకు తేలుతుంది. వేలు దూరే సందు ఉండదు, సిస్టర్ గారి భయమూ తీరుతుంది. మీకు గుబ్బలు కావాలి కాబట్టి అంచు దగ్గర ఒక్క వరస బాబుల్ వేసుకోండి. చేతికి తగులుతాయి, ముఖం కిందికి రావు.

వీడియోలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్ని బ్రిటిష్ వాళ్లు డబుల్ అంటారు. ఏ పద్ధతో ముందే చూసుకోకపోతే అల్లిక వేరే వస్తుంది.

కనిగిరి తాతయ్య:
పరవడానికైతే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు వెనక పాత చీర గుడ్డ లైనింగ్ వేయండి. పోగులు కనిపించవు, బొంత మెత్తదనమూ వస్తుంది.

లేసుపని:
లైనింగ్ వేస్తే అల్లికనూ గుడ్డనూ విడివిడిగా ముందే ఉతికి ఆరబెట్టాలి తాతయ్యగారూ. కొత్త కాటన్ దారం మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, ఎన్నోసార్లు ఉతికిన చీర ఇక కుంచించుకోదు. అలాగే కుడితే తర్వాత గుడ్డ వదులై ముడతలు పడుతుంది. లెమన్ పీల్‌కు లైనింగ్ అవసరం లేదనే నా అభిప్రాయం. ఆరడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఉదయగిరి పెద్దమ్మ:
దారం గురించి ఇంత మాట్లాడారు, వాళ్ల అక్క మాటను ఎవరూ పట్టించుకోలేదు. పుట్టకముందు బట్టలు సిద్ధం చేయకూడదన్నది మా ఇంట్లో కూడా ఉంది. ఎందరో తల్లులు కడుపుకోత చూసిన రోజుల్లో పుట్టిన పట్టింపు అది. ఖాళీ ఉయ్యాల పక్కన మడత పెట్టిన చిన్న బట్టలు కనిపిస్తే ఆ తల్లి ఎలా తట్టుకుంటుంది? దాన్ని మూఢనమ్మకం అని తీసిపారేయలేను. అలాగని చేతిపనికి టైము పడుతుంది, పుట్టాక మొదలుపెడితే పురుటి పనుల్లో సూది పట్టే తీరికే దొరకదు. మా ఇంట్లో చేసేది చెబుతాను. దుప్పటి అల్లుకుంటాం, అంచు మాత్రం కట్టం. బిడ్డ పుట్టాక, బారసాలకు ముందు అంచు వరస వేసి పూర్తి చేస్తాం. అంచు లేనిది పూర్తయిన వస్తువు కాదు కాబట్టి పెద్దవాళ్లకూ పట్టింపు ఉండదు. మీ అక్కగారిని అడిగి చూడండి.

ఒంగోలు సిస్టర్:
ఈ పద్ధతి నాకు నచ్చింది. కాన్పుకు ముందు ఆ ఇంట్లో మాటల వల్ల కలిగే టెన్షన్ తగ్గడం అమ్మాయికి అన్నిటికంటే ముఖ్యం.

కావలి అమ్మమ్మ:
అక్కకు ఫోన్ చేశాను. అంచు వేయకుండా ఉంచుతానంటే సరేనంది, అంచుకు పసుపు రంగు దారం తనే కొనిస్తానంది. అమ్మాయి కూడా నేల మీద పరచడానికైతే సరే, ఉయ్యాలలో మాత్రం వేయొద్దని గట్టిగా చెప్పింది. కాబట్టి కాటన్, లెమన్ పీల్, అంచు దగ్గర ఒక వరస గుబ్బలు. లైనింగ్ వేయను. ఇప్పుడు చెప్పండి, 75 సెంటీమీటర్ల చదరానికి ఎంత దారం కొనాలి? కొక్కెం ఏ సైజు? దారం అయిపోయిన చోట ముడి వేయవచ్చా?

ఫ్యాన్సీ షాపు:
నెల్లూరులో దారాలు, కుట్టు సామాను అమ్ముతాను, రెండు రకాలూ అమ్ముతాను కాబట్టి ఏ పక్షమూ కాదు. 8 ప్లై కాటన్ (మరీ సన్నం, మరీ మందం కాని దారం), 100 గ్రాముల ఉండలు ఆరు తీసుకోండి. చేతి బిగువును బట్టి కాస్త మిగలవచ్చు. కొక్కెం 4.5 మిల్లీమీటర్లు, మీ చెయ్యి వదులైతే 4. మొదటి గొలుసుకు మాత్రం ఒక సైజు పెద్ద కొక్కెం వాడండి, లేకపోతే కింది అంచు బిగుసుకుని దుప్పటి ఒక వైపు కురచగా కనిపిస్తుంది.

ముడి వద్దు. ఉతుకుల్లో అది విడిపోతుంది, విడిచిన చోట రంధ్రం. పాత దారం, కొత్త దారం రెండూ జానెడు వదిలి, పెద్ద కన్ను సూదితో అల్లిక లోపలే ఒకసారి ఇటు, ఒకసారి అటు, మళ్లీ ఇటు తిప్పి దూర్చండి. ముందు 10 సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. ఎంత కుంచించుకుందో చూసి గొలుసు లెక్క వేసుకోవచ్చు. అంచుకు పసుపు రంగు అంటున్నారు కాబట్టి ఆ దారాన్ని విడిగా తెల్లగుడ్డతో కలిపి నానబెట్టి రంగు దిగుతుందేమో చూడండి.

మార్కాపురం నానమ్మ:
నా మాట నేను మార్చుకోను, శీతాకాలానికి ఆక్రిలికే సుఖం. మీరు కాటన్‌తో అల్లుతున్నారు కాబట్టి ఒకటి చెబుతాను. తడి దుప్పటిని తీగ మీద వేలాడదీయొద్దు, బరువుకు కిందికి సాగి కొలత మారిపోతుంది. మంచం మీద తువ్వాలు పరిచి దాని మీద చదరంగా సర్ది ఆరబెట్టండి. వానాకాలంలో ఫ్యాను కింద.

కావలి అమ్మమ్మ:
అలాగేనండి. ఆదివారం దారం కొంటాను. ఆరు ఉండలూ ఒకే దుకాణంలో తీసుకోవాలా, మిగతావి తర్వాత తెచ్చుకోవచ్చా?

ఫ్యాన్సీ షాపు:
అన్నీ ఒకేసారి, ఒకే లాట్ నంబరువి తీసుకోండి. నంబరు లేబుల్ మీద ఉంటుంది. అదే రంగు, అదే కంపెనీ అయినా లాట్ మారితే ఛాయ తేడా వస్తుంది, దుప్పటి మధ్యలో గీత పడినట్టు తెలుస్తుంది. విప్పని ఉండ మిగిలితే వెనక్కి తీసుకుంటారేమో కొనేటప్పుడే అడగండి, చాలామంది తీసుకుంటారు.