విదేశీ సాయం దారి మారితే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య సిబ్బంది ఏమవుతారు?

ప్రజారోగ్యం చదువుతున్నాను. ఈ విషయం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపింది. జూలై 1 నాటికి ఆ సాయాన్ని అందించే సంస్థ యూఎస్‌ఎయిడ్ పనులు అమెరికా విదేశాంగ శాఖలో కలిసిపోయాయి. ఆరోగ్య సాయంలో ఇకపై స్వచ్ఛంద సంస్థల మీద ఆధారపడటం తగ్గించి, ఆయా దేశాల ప్రభుత్వాలతోనే ఒప్పందాలు చేసుకుంటామని సెప్టెంబరులో ప్రకటించారు.

ప్రభుత్వాలే బాధ్యత తీసుకోవడం మంచిదే, అందులో నాకు అభ్యంతరం లేదు. నా దిగులంతా ఈ మారే కాలం గురించే. ఉదాహరణకు, ఆ సాయంతో చాలా దేశాల్లో అందే హెచ్‌ఐవీ మందులు రోజూ వేసుకోవాలి. కొన్ని వారాలు ఆగినా వైరస్ మళ్లీ పెరుగుతుంది, గర్భిణి నుంచి బిడ్డకు సోకే ముప్పూ పెరుగుతుంది. మందు గోదాములో ఉంటే సరిపోదు కదా! క్లినిక్‌కు రావడం మానేసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు కావాలి. వాళ్లలో చాలామందికి జీతాలిచ్చింది స్వచ్ఛంద సంస్థలే.

పైగా శిశుమరణాల లెక్కలు తీసే డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య) సర్వేలూ ప్రధానంగా ఆ అమెరికా నిధుల మీదే నడిచేవి. లెక్కే లేకపోతే జరిగిన నష్టం ఎలా తెలుస్తుంది?

దాతలు తప్పుకున్నాక ఇలాంటి సిబ్బందిని ప్రభుత్వ జీతాల్లోకి తీసుకున్న దేశాలు ఉన్నాయా? ఎన్నేళ్లు పట్టింది? ఆ మధ్యకాలంలో చికిత్స తెగిపోకుండా ఏం చేశారు? క్షేత్రంలో పనిచేసినవాళ్ల అనుభవం అయితే ఇంకా మేలు.