పక్షవాతం వచ్చినంక డి విటమిన్ పెద్ద డోసు ఏస్తే మెదడు నరాలు బతుకుతయా? మీరేమంటరు

మర్రిగూడ రైతుబిడ్డ:
అందరికి నమస్తే. మా నాయినకు 64 ఏండ్లు. ఇరవై రోజుల కింద పొద్దుగాల బాయికాడ పడిపోయిండు, కుడి చెయ్యి కుడి కాలు పోయినయి, మాట ముద్దగైంది. మావోళ్లు ముందుగాల పసరు మందుకు తీస్కపోయిన్రు, ఆడ్నుంచి నల్లగొండ, నల్లగొండ నుంచి హైదరాబాద్ పొయ్యేసరికి తొమ్మిది గంటలు దాటింది, గడ్డ కరిగించే సూదికి టైం అయిపోయిందన్నరు. ఇప్పుడు ఇంటికాడ ఫిజియోథెరపీ నడుస్తుంది. టెస్టుల డి విటమిన్ 9 వచ్చింది. మా ఊరి ఆర్‌ఎంపీ ఏమంటడంటే ఆక్సిజన్ అందక చచ్చిపోయే నరాలను డి విటమిన్ కాపాడుతది, 6 లక్షల యూనిట్ల సూది వారానికొకటి నాలుగు వారాలు ఏస్తే చెయ్యి లేస్తది అని, ఫోన్ల వీడియోలు గూడ చూపెట్టిండు. హైదరాబాద్ డాక్టర్ సారేమో వారానికొక 60 వేల సాచెట్ రాసి, ఇది ఎముకలకు, మెదడు కోసం కాదు అన్నడు. ఎవరి మాట ఇనాలె? తెలిసినోళ్లు చెప్పున్రి.

పాలమూరు బయోకెమిస్ట్రీ:
అన్నా, ఆర్‌ఎంపీ ఒట్టిగ అంటలేడు, దాని వెనక సైన్స్ ఉన్నది. నేను ఎమ్మెస్సీ చేస్తున్న, ఇదే టాపిక్ మీద సెమినార్ ఇచ్చిన. మన ఒంటి బరువుల మెదడు 2 శాతమే గని ఆక్సిజన్ మాత్రం 20 శాతం దాకా అదే వాడుతది. రక్తం ఆగంగనే కణంల ఏటీపీ, అంటే కణం నడిచే ఇంధనం, అయిపోతది, సోడియం పొటాషియం పంపులు ఆగుతయి, గ్లుటమేట్ అనే సంకేతాలు మోసే రసాయనం బయటికి పొంగి పక్క కణాల తలుపులు తెరుస్తది, ఇగ కాల్షియం చెరువు కట్ట తెగినట్టు లోపలికి దూకుతది, కణాన్ని చంపేది ఆ కాల్షియమే. డి విటమిన్ యాక్టివ్ రూపం కాల్సిట్రియాల్ ఉంటది కదా, అది ఎలుక నాడీకణాలల్ల ఎల్ టైప్ కాల్షియం చానెళ్లను, అంటే కాల్షియం లోపలికొచ్చే తలుపులను, తగ్గిస్తదని 2001లనే చూపెట్టిన్రు. మనిషి మెదడుల డి విటమిన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉన్నది, కాల్సిట్రియాల్ తయారుచేసే ఎంజైమ్ గూడ ఉన్నది, అది 2005ల తేలింది. ఎలుకలకు 8 రోజులు ముందుగాల కాల్సిట్రియాల్ ఇచ్చి మెదడు రక్తనాళం కట్టేస్తే దెబ్బతిన్న జాగ తక్కువున్నది. 2012ల డి లేని తిండి పెట్టిన ఎలుకలకు దెబ్బ పెద్దగైంది. 9 అంటే చాన తక్కువ అన్నా, నేనైతే ఇయ్యమనే అంట.

ఐసీయూ నర్సక్క:
తమ్మీ మంచిగ చెప్పినవ్, గని నువ్వు రాసిందాన్ల "ముందుగాల" అనే మాట ఉన్నది చూడు, మొత్తం కథ ఆ ఒక్క మాటల్నే ఉన్నది. ఎలుకకు ముందు 8 రోజులు ఇచ్చి తర్వాత నాళం కట్టిన్రు. ఈ తమ్ముని నాయినకు నాళం మూసుకపోయి 20 రోజులైంది. పెద్ద నాళం మూసుకపోతే నిమిషానికి 19 లక్షల కణాలు పోతయని లెక్క కట్టిన్రు, పొయ్యేటియి ఆ గంటలల్లనే పోయినయి. చుట్టూ సగం ప్రాణంతోని ఉన్న భాగం గూడ ఒకటి రెండు రోజులల్ల అటో ఇటో తేలిపోతది. ఇప్పుడు చెయ్యి కదిలితే అది చచ్చిన కణం లేచినందుకు కాదు, పక్కన మిగిలిన కణాలు ఆ పని నేర్చుకుంటున్నందుకు, అది ఫిజియోథెరపీతోని అయితది, మొదటి మూడు నెలలల్ల ఎక్కువ అయితది.

ఇంకోటి, ఎలుకల పనిచేసిన మందులు మనిషి కాడికొచ్చేసరికి కూలినయి మస్తున్నయి. ఎన్‌ఎక్స్‌వై 059 అనే మందు 2006ల రోగులకు గూడ పనిచేసినట్టే కనవడ్డది, 2007ల ఇంకా ఎక్కువ మందికి ఇచ్చి చూస్తే ఏం లేదని తేలింది. పుట్టంగనే ఏడ్వక ఆక్సిజన్ అందని పిల్లలు ఉంటరు చూడు, ఆళ్లను 72 గంటలు 33.5 డిగ్రీల కాడ చల్లగ ఉంచుతరు, పైసలున్న దేశాలల్ల దాంతోని పిల్లలు బతికిన్రు. అదే మన దేశంల, శ్రీలంకల, బంగ్లాదేశ్‌ల 408 మంది పిల్లలకు చేసి 2021ల చూస్తే ఫాయిదా రాలేదు, పైంగ చావులు పెరిగినయి. నేను పసిపిల్లల వార్డుల గూడ చేసిన, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుస్తకంల దారి మంచిగున్నదని సూది పట్టుకోవద్దు తమ్మీ.

పాలమూరు బయోకెమిస్ట్రీ:
అక్కా, ముందు వెనక అన్న మాట ఒప్పుకుంట. మరి డి తక్కువున్న పక్షవాతం రోగులు తక్కువ కోలుకుంటున్నరని ఎన్నో దేశాలల్ల చూసిన్రు కదా, అది ఎట్ల కొట్టేస్తరు?

దేవరకొండ రోడ్ మెడికల్ షాపు:
తమ్మీ, పక్షవాతం వచ్చినోడు మంచంల ఉంటడు, ఎండకు పోడు, సరిగ తినడు, ముసలితనం, షుగర్ గూడ ఉంటయి. పెద్ద జబ్బు చేసినప్పుడు రక్తంల డి అంకె దానంతటదే గూడ పడుతది. డి తక్కువైనందుకు జబ్బు పెరిగిందా, జబ్బు పెద్దదైనందుకు డి పడ్డదా? అమెరికాల వైటల్ అనే పెద్ద పరీక్ష 25,871 మందికి చేసిన్రు, సగం మందికి రోజుకు 2000 యూనిట్లు ఐదేండ్ల దాక ఇస్తే గూడ పక్షవాతం తగ్గలే, గుండెపోటు తగ్గలే.

నా భయం వేరే. నేను రోజూ ఈ సాచెట్లే అమ్ముత. వారానికొకటి అని రాస్తే రోజుకొకటి ఏసుకునేటోళ్లను ఎంతమందినో చూసిన. ఒక పెద్దమ్మ నలభై రోజులు రోజూ తాగింది, వాంతులు, మలబద్ధకం, ఊకె దూప, చివరికి కొడుకును గుర్తుపట్టలే. ఇంట్లోళ్లు ఇదిగూడ పక్షవాతమే అనుకున్నరు. రక్తంల కాల్షియం చూస్తే 14, చాన ఎక్కువ. డి కొవ్వుల దాచుకుంటది, ఆపినంక గూడ నెలల తరబడి పోదు. నాలుగు సూదులంటే 24 లక్షల యూనిట్లు, లెక్క మీరే చూసుకోన్రి.

పాలమూరు బయోకెమిస్ట్రీ:
సార్, వైటల్ సంగతి నాకు తెల్సు, గని అండ్ల చేరినోళ్ల డి సగటు ముందే 30.8 ఉండె. కడుపు నిండినోనికి ఇంకింత బువ్వ పెట్టి బలం రాలేదంటే ఎట్ల? 9 ఉన్నోళ్లకు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఉంటే చెప్పున్రి. అది లేకుంట "పనిచెయ్యదు" అని గూడ అనొద్దు. నేను పట్టు వట్టి అంటలేను, మా అవ్వకు గూడ గిట్లనే చెయ్యి పడిపోయింది, అందుకే ఈ సబ్జెక్ట్ తీసుకున్న.

ఐసీయూ నర్సక్క:
ఇది మాత్రం నిజం తమ్మీ, నేను ఒప్పుకుంటున్న. తక్కువున్నోళ్లకు ఆ పరీక్షతోని జవాబు రాదు. గని అందుకు చెయ్యాల్సింది లోటు నింపుడు, కుండ పగలగొట్టుడు కాదు. డాక్టర్ రాసిన వారానికి 60 వేలు, 8 వారాలు, దాంతోని లోటు నిండుతది. ఒకేసారి కుమ్మరిస్తే ఏమైతదో గూడ చూసిన్రు, ఆస్ట్రేలియాల 70 దాటిన ఆడోళ్లకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడుడు పెరిగింది, ఎముకలు విరుగుడు గూడ పెరిగింది, 2010ల వచ్చింది. ఒక కాలు పోయిన మనిషి ఇంకోసారి పడితే తుంటి విరుగుతది, ఇగ లేవడు.

మునుగోడు రిటైర్డ్ హెల్త్ అసిస్టెంట్:
అందరు మెదడు గురించే రాస్తున్నరు, ఊరి గురించి ఎవ్వరు రాయలే. తమ్మీ మీది మర్రిగూడ అన్నవ్. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పానం అది. 64 ఏండ్లంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు యాభై ఏండ్లకు ఎక్కువే బోరు నీళ్లు, బాయి నీళ్లు తాగిండు. ఫ్లోరైడ్ ఎముకల చేరితే వెన్నుపూస గట్టిపడి లోపలి నరాల తాడును గూడ నొక్కుతది, కాళ్లు బిగుసుకపోతయి. నేను ఇంటింటికి తిరిగిన రోజులల్ల అసొంటోళ్లను పక్షవాతం అనుకొని ఏండ్లకేండ్లు మంచంల పండవెట్టిన్రు. మీ నాయినకు మెదడు స్కాన్ల వచ్చిందంటే అది పక్షవాతమే, సరే. గని ఎడమ కాలు గూడ బిగుసుకుంటుందంటే వెన్నుపూస చూపెట్టాలె. కాల్షియం, డి తక్కువుంటే ఫ్లోరైడ్ ఎముకను ఇంకా పాడుచేస్తది, అందుకే మనోళ్లకు డి లోటు నింపుడు ఎక్కడోళ్ల కంటె ఎక్కువ అవసరం, నా పట్టు అదే. కాకపోతే సూది ముందు కిడ్నీ టెస్టు, కాల్షియం టెస్టు చెయ్యకుంట ఎవ్వరు గూడ ముట్టొద్దు. ఎండల పనిచేసేటోనికి 9 ఎట్లొచ్చిందని అడుగుతరేమో, తలకు తువ్వాల, నిండు చేతుల అంగి, పొద్దుగాల ఏడింటికి పోయి పదింటికి ఇంటికొస్తే ఆ ఎండల డి తయారయ్యేది తక్కువే. అండ్ల ఆయన 20 రోజుల నుంచి ఇంట్లనే ఉన్నడు.

మర్రిగూడ రైతుబిడ్డ:
అందరికి దండం. నిన్న టెస్టులు చేపిచ్చిన. కాల్షియం 9.4, కిడ్నీ టెస్టుల క్రియాటినిన్ 1.5. క్రియాటినిన్ జర ఎక్కువున్నదని సార్ అన్నడు, సూది మాత్రం ఒద్దే ఒద్దు అన్నడు. ఆర్‌ఎంపీ అన్నకు గూడ చెప్పిన, ఆయన కోపానికి రాలేదు, నాకు తెల్వకనే అన్న అన్నడు. పెద్దయ్యా, ఎడమ మోకాలు నాలుగేండ్ల నుంచే బిగుసుకుంటది, సోమవారం ఎక్స్‌రే తీపిస్త. ఒకటి అడుగుత, సాచెట్ పాలల్ల కలుపాల్నా నీళ్లల్ల కలుపాల్నా, తిన్నంకనా ముందా?

దేవరకొండ రోడ్ మెడికల్ షాపు:
పాలల్లనే కలుపు తమ్మీ, పగటి బువ్వ తిన్నంక. కొవ్వుతోని మంచిగ పడుతది. ఆదివారమో, మీ అంగడి రోజో ఒక్క దినం పెట్టుకొని క్యాలెండర్ మీద గీత కొట్టు, ఇంకొకరు మర్చిపోయి మళ్ల ఇయ్యకుంట.