ఫస్ట్ గ్రేడ్ పాపకి పుస్తకాల్లేవు, హోంవర్క్ లేదు. రోజంతా క్లాసులో ఏం చేస్తారు?

అనంతపురం, కొత్తగా వచ్చాం:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఈమధ్యే అమెరికాకి, టెక్సాస్‌లో డల్లాస్ దగ్గరికి వచ్చాం. పాపకి ఆరేళ్ళు, ఫస్ట్ గ్రేడ్‌లో చేర్చాం. అక్కడ ప్రైవేటు స్కూల్లో రోజూ పేజీలకు పేజీలు కాపీ రైటింగ్, ఎక్కాలు నోటికి. ఇక్కడ బ్యాగులో ఒక ఫోల్డరు, లంచ్ బాక్సు, అంతే. ఏం చెప్పారమ్మా అంటే "కార్పెట్ మీద కూర్చున్నాం, ఆడుకున్నాం" అంటుంది. పొద్దున్నుంచి మూడింటి దాకా అసలేం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు అన్న:
చెల్లెమ్మా, ముందు అడ్మిషన్ సంగతి చెప్తా, వెనక వచ్చేవాళ్ళకైనా పనికొస్తుంది. మేం వచ్చింది ఆగస్టులో. లీజు, అంటే ఇంటి అద్దె కాగితం, నా ఒక్కడి పేరు మీద, కరెంటు బిల్లూ నా పేరే. నేనేమో ప్రాజెక్టు మీద వేరే ఊళ్ళో. మా ఆవిడ పిల్లోణ్ణి తీసుకుని స్కూలుకు పోతే ఆఫీసులో ఉన్నామె కాగితాలు ఇటు తిప్పి అటు తిప్పి "ఇందులో మీ పేరేది?" అంది. పెళ్ళి సర్టిఫికెట్ చూపిస్తే, అది అడ్రసుకు రుజువు కాదంది. సరే అని లీజింగ్ ఆఫీసుకు పోతే పేరు చేర్చడానికి మళ్ళీ అప్లికేషను, మళ్ళీ ఫీజు, పైవాళ్ళ అనుమతి. ఆ మేనేజరు ఎప్పుడు చూసినా మీటింగులో. ఫోన్లో నేనెంత మొత్తుకున్నా వినలేదు. చివరికి నేను విమానం ఎక్కి వచ్చి సంతకం పెడితే గానీ పని కాలేదు. ఆ టిక్కెట్టు డబ్బులు ఎవడిస్తాడు? లీజులో ఇద్దరి పేర్లూ మొదటి రోజే రాయించండి. ఇంకోటి, వీసా కాగితాలు లేవనో, సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ లాంటిది) లేదనో సీటు ఇవ్వనంటే కుదరదు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఆ కేసు పుట్టింది ఈ టెక్సాస్‌లోనే, టైలర్ అనే ఊళ్ళో.

కర్నూలు వదిన:
లీజు కన్నా పెద్ద తలనొప్పి టీకాలు. మన ఆరోగ్య కేంద్రం కార్డులో ఎం.ఆర్. అని ఉంటుంది, అంటే తట్టు, రుబెల్లా. ఇక్కడ అడిగేది ఎం.ఎం.ఆర్., అందులో గవదబిళ్ళలు కూడా. ఆటలమ్మ, హెపటైటిస్-ఎ మన ప్రభుత్వ పట్టికలోనే లేవు. ఇవన్నీ టెక్సాస్‌లో రెండేసి డోసులు కావాలి. ఊళ్ళో ఉన్నప్పుడే పిల్లల డాక్టరు దగ్గర వేయించి, తేదీలు ఇంగ్లీషులో రాయించుకుని రండి.

ఆదోని అక్క:
లీజులూ టీకాలూ అయిపోయి ఆ పాప బళ్ళో కూర్చుంది. అడిగిందొకటి, మీరు చెప్పేదొకటి.

నేనిక్కడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరుకు సహాయకురాలిగా చేస్తున్నా. మా బడి ఎట్లా నడుస్తుందో చెప్తా, మీ దగ్గర టైములు కాస్త అటూ ఇటూ. బెల్లు కొట్టగానే అమెరికా ప్రతిజ్ఞ, తర్వాత టెక్సాస్ ప్రతిజ్ఞ, ఆపైన ఒక నిమిషం మౌనం. అప్పుడు అందరూ కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఇవాళేం వారం, బయట ఎండా మబ్బా, ఒక పిల్ల లేచి చెప్పాలి. తర్వాత శబ్దాల పాఠం. ఎస్, హెచ్ పక్కపక్కన వస్తే ఏమని పలకాలో అందరిచేతా అనిపిస్తారు. చేతిలో చిన్న తెల్లబోర్డు ఉంటుంది, దాని మీద "షిప్" రాసి, పైకెత్తి చూపించి, చెరిపేసి, "ఫిష్" రాయాలి. కాగితమే మిగలదు, ఇంక నీకు బ్యాగులో ఏం కనపడుతుంది?

ఆ తర్వాత గుర్రపునాడా ఆకారపు బల్ల. లోపలివైపు టీచరు, చుట్టూ నలుగురైదుగురు. అందరూ సన్నగా చదువుకుంటుంటే టీచరు ఒక్కొక్కరి వైపే వంగి వింటూ, ఎక్కడ తడబడ్డారో గుర్తు పెట్టుకుంటుంది. ఆ సేపు మిగతావాళ్ళు ఒకచోట పదాల ఆట, ఒకచోట హెడ్‌ఫోన్లో కథ. మీ పాప ఆడుకున్నాం అనేది దీన్నే.

లంచ్ పదకొండు లోపే, నవ్వకు. తర్వాత రీసెస్, అంటే బయట ఆటలకు వదలడం. లెక్కలకు పది గళ్ళ చట్రం ఇస్తారు. ఎనిమిదికి ఐదు కలపాలంటే, ఐదులోంచి రెండు బిళ్ళలు తెచ్చి పది గళ్ళు నింపి, మిగిలిన మూడు పక్కన పెట్టాలి. మన పిల్లలు టక్కున పదమూడు అంటారు, ఎట్లా వచ్చిందంటే నోరు మెదపరు. ఇక్కడ మార్కు ఆ "ఎట్లా"కే. ఏడాదంతా కలిపి 120 దాకా అంకెలు, 20 లోపు కూడికలు, తీసివేతలు. రాష్ట్రం పెట్టే పరీక్ష మూడో తరగతి దాకా రాదు. ఇవి కాక పీఈ (వ్యాయామం), సంగీతం, బొమ్మలు వంతులవారీగా.

చిత్రాన్నంలో చెనిక్కాయలు వేసి పంపకు, క్లాసులో ఎవరికన్నా పడవేమో కనుక్కో. మన బళ్ళో మధ్యాహ్నం చిక్కీ పంచుతారు, ఇక్కడ అదే చిక్కీ బయటికి తీస్తే నర్సు పరిగెత్తుకొస్తుంది.

గుత్తి మాస్టారు:
కార్పెట్లు, గుంపులు కొత్తవేం కాదమ్మా. మద్రాసు గవర్నరు మన్రో అడిగితే 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద నివేదిక పంపాడు. మన గుత్తి, అనంతపురం, ఆదోని అప్పుడు బళ్ళారి కిందే. పిల్లలు ఆరింటికే రావాలి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెరుగుతూ పోయేవి. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దించేవారు, పెద్దపిల్లలే చిన్నవాళ్ళకు చెప్పేవారు. ఇసుక మీద రాసిందీ సాయంత్రానికి ఇంటికి రాదు గదా.

ప్రొద్దుటూరు అన్న:
మాస్టారూ, అది వేరే కాలం. చెల్లెమ్మా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని కాగితం ఇచ్చుంటారు. ఇంగ్లీషు అని రాయాల్సింది. తెలుగంటే విడిగా ఇంగ్లీషు నేర్పాలని పిల్లని క్లాసులోంచి బయటికి తీసుకుపోతారు. మావాణ్ణి సరిగ్గా సైన్సు టైములోనే తీసుకుపోయేవాళ్ళు.

ఆదోని అక్క:
అన్నా, అబద్ధం రాయమని చెప్పకు. తెలుగని రాస్తే నాలుగు వారాల్లోపు ఇంగ్లీషు ఎంత వచ్చో చూస్తారు. వస్తే సరే, రాకపోతే సాయం చేస్తారు. అది కూడా వద్దనుకుంటే అమ్మానాన్నలు రాసివ్వొచ్చు. సైన్సు టైములో తీసుకుపోతే టైము మార్చమని అడగాలి గానీ భాష దాచుకుంటారా?

ప్రొద్దుటూరు అన్న:
అడిగాం తల్లీ. నువ్వు లోపలుండే మనిషివి, నీకట్లాగే కనపడుతుంది.

అనంతపురం, కొత్తగా వచ్చాం:
అక్కా, మేం తెలుగనే రాశాం. గురువారం టీచరుతో మీటింగ్ ఉంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏమడగాలి?

ఆదోని అక్క:
తెలుగులో చెప్పే మనిషి కావాలని ఇవాళే ఆఫీసుకు మెయిల్ పెట్టు. నీకర్థమయ్యే భాషలో చెప్పడం వాళ్ళ బాధ్యత, ఫోన్లోనైనా ఎవర్నో ఒకర్ని కలుపుతారు. పాప చదువుతుంటే టీచరు రాసుకున్నది ఉంటుంది కదా, అది చూపించమను. ఏ శబ్దాల దగ్గర ఆగుతోందో అడిగి రాసుకో. హోంవర్క్ ఇమ్మని మాత్రం అడగొద్దు, రాత్రి ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని చదివించమంటారు, అది ఇప్పట్నుంచే మొదలుపెట్టు.