ఇంట్లో తీసిన కొబ్బరి నూనెను ఫ్రీజర్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న (దేవరకొండ):
అందరికీ నమస్కారం. తమ్ముడి పెళ్ళిలో వచ్చిన కొబ్బరికాయలు, చెరువుగట్టు జాతరలో కొట్టినవి కలిసి మా ఇంట్లో చాలా పోగయ్యాయి. కొన్నిటిని ఎండబెట్టి గానుగ ఆడించాము. మిగిలినవాటిని పచ్చిగానే రుబ్బి, పాలు పిండి, పొయ్యి మీద కాచి నూనె తీశాము. రెండూ కలిపి మూడు నాలుగు లీటర్లు ఉంటుంది. గానుగ నూనె బాగానే ఉంది. కాచిన నూనె మాత్రం ఒక సీసాలో అడుగున తెల్లగా మడ్డి కట్టింది, పులిసిన వాసన వస్తోంది. ఎండలు ముదరకముందే మొత్తం ఫ్రీజర్‌లో పెట్టేస్తే నిలుస్తుందా? గాజు సీసాలు పగులుతాయా? మా దగ్గర కరెంటు తరచుగా పోతుంది. కరిగి మళ్ళీ గడ్డకడితే నూనె చెడిపోతుందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు (నల్లగొండ):
చెల్లీ, ఫ్రీజర్ సంగతి తరువాత చూద్దాం, ముందు తడి సంగతి చూడు. రెండు నూనెలూ ఒకే ఇంట్లో, ఒకే వేడిలో ఉన్నాయి. ఒకటి నిలిచింది, ఒకటి చెడింది. తేడా అంతా నీటిలోనే ఉంది. పాలు కాచి తీసిన నూనెలో ఎంత వడకట్టినా కొంత నీరు, కొంత కొబ్బరి మడ్డి మిగులుతాయి. అందులో సూక్ష్మజీవులు చేరి నూనెను విడగొడతాయి. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. అది విడివడితే నోట్లో సబ్బు రుచి తగులుతుంది. ఒకసారి ఆ రుచి వచ్చాక ఫ్రీజర్‌లో ఎన్నాళ్ళు పెట్టినా పోదు. ఆ సీసాను వంటకు వాడవద్దు. మడ్డి తేర్చి దీపాలకు వాడుకో.

వాసన పట్టని కాచిన నూనెను మాత్రం ఈ రోజే బాగుచేసుకోవచ్చు. అడుగు మడ్డి కదలకుండా పై తేట నూనెను వెడల్పాటి గిన్నెలోకి వంచి, సన్నని మంట మీద పెట్టు. దగ్గర నిలబడి విను. నీరు ఉన్నంతసేపు చిటపటమంటుంది, సన్నని బుడగలు పైకి వస్తూనే ఉంటాయి. ఆ చప్పుడు ఆగి, బుడగలు తగ్గి, నూనె కదలకుండా తేటపడినప్పుడు పొయ్యి ఆపేయాలి. పొగ వచ్చేదాకా ఉంచితే మంచి వాసన పోతుంది. పూర్తిగా చల్లారేదాకా మూత పెట్టవద్దు, పలుచని గుడ్డ కప్పు చాలు. వేడి మీద మూత పెడితే మూతకు పట్టిన చెమ్మ మళ్ళీ నూనెలోకే దిగుతుంది.

నీరు ఎక్కువగా ఉందని అనుమానం ఉంటే ఇంకో పద్ధతి ఉంది. వెడల్పు మూతి స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్ కింది అరలో పెట్టు, ఫ్రీజర్‌లో వద్దు. నూనె పైన బిళ్ళలా గడ్డకడుతుంది, నీరు బరువు కాబట్టి అడుగున నీరుగానే ఉండిపోతుంది. అంచున కత్తి మొనతో చిన్న కన్నం చేసి ఆ నీటిని వంచేసి, బిళ్ళను తీసి కాచుకుంటే పని తేలిక.

ఇక ఫ్రీజర్. పెట్టవచ్చు, నూనెకు ఏ నష్టమూ లేదు. కానీ తడి లేని గానుగ నూనెకు అది అవసరం లేదు. కొబ్బరి నూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే ఉంటుంది, అందుకే పల్లి నూనె, కుసుమ నూనె కంటే నెమ్మదిగా కనరెక్కుతుంది. 24 డిగ్రీల దగ్గర కరిగే నూనె ఇది. మన జిల్లాలో ఎండాకాలమంతా నీళ్ళలాగే ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. సీసా మెడ దాకా నింపి, గట్టిగా మూత పెట్టి, వెలుతురు తగలని చోట ఉంచు. పొయ్యి పక్కన గానీ, స్లాబు కింద అటక మీద గానీ వద్దు, మే నెలలో అక్కడ వేడి సెగలా కొడుతుంది. రోజువారీ వాడకానికి చిన్న సీసాలోకి తీసుకుని పెద్దదాన్ని కదపకుండా ఉంచడమే అన్నిటికంటే మేలు.

కాచిన నూనెను నెలల తరబడి దాచాలంటే మాత్రం ఫ్రీజర్ మంచిదే. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, కొబ్బరి నూనె గడ్డకడితే కుంచించుకుపోతుంది. అందువల్ల నూనె సీసాను పగలగొట్టదు. మధ్యలో గుంట పడి, పైన పగుళ్ళు కనిపిస్తాయి, అది చెడినట్టు కాదు. అయితే వేడి సీసాను తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెడితే గాజు చిట్లుతుంది. పైగా సన్న మూతి సీసాలో రాయిలా బిగుసుకున్న నూనెను ఎలా తీస్తావు? ఐసు ముక్కల ట్రేలో పోసి గడ్డకట్టించు, ముక్కలు ఊడదీసి మూత ఉన్న డబ్బాలో వేసుకో. మూత గట్టిగా లేకపోతే పక్కన ఉన్న చేపల వాసన, ఉల్లిపాయ వాసన నూనెకు పట్టేస్తుంది.

కరెంటు పోయి కరిగినా, మళ్ళీ గడ్డకట్టినా ఏమీ కాదు. కొంచెం రవ్వరవ్వగా మారవచ్చు, అంతే. ఒక్క జాగ్రత్త: పెద్ద డబ్బాను బయటికి తీసిన వెంటనే తెరవవద్దు. చల్లటి నూనె మీద గాలిలోని తేమ చుక్కలు కడుతుంది, కాచి పోగొట్టిన నీరే మళ్ళీ చేరుతుంది. గది వేడికి వచ్చాకే మూత తీయి.

ప్రశ్న (సూర్యాపేట):
మా ఇంట్లో పాత ఇత్తడి చెంబులో నూనె పోసి ఉంచే అలవాటు. పరవాలేదా అక్కా?

జవాబు (నల్లగొండ):
వద్దమ్మా. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి తగిలితే నూనె త్వరగా కనరెక్కుతుంది. స్టీలు, గాజు, జాడీ ఏదైనా మంచిదే.

ప్రశ్న (మహబూబ్‌నగర్):
కొన్న కొబ్బరి నూనె ఫ్రిజ్‌లో పెడితే కింద గడ్డకట్టింది, పైన కొంత పలుచగానే ఉండిపోయింది. కల్తీ అనుకోవాలా?

జవాబు (నల్లగొండ):
అన్నగారూ, ముందు సీసా మీద రాసింది చదవండి. తలనూనె అయితే అందులో మినరల్ ఆయిల్ కలిపినట్టు వాళ్ళే రాసి ఉండవచ్చు. వట్టి కొబ్బరి నూనె అని రాసి కూడా అలా విడిపోతే అనుమానించాల్సిందే. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇళ్ళకు సూచించిన పరీక్ష ఇదే: గాజు గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఫ్రీజర్ చలికి వేరే నూనెలు కూడా బిగుసుకుని తేడా తెలియదు. మొదట అంచులు, అడుగు గడ్డకడతాయి కాబట్టి తొందరపడి తీయకుండా, ఇంకొంతసేపు ఉంచి చూడండి. ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. పామ్ గింజల నూనె కొబ్బరి నూనెలాగే గడ్డకడుతుంది, దాన్ని ఇలా పట్టుకోలేము. గట్టి అనుమానం ఉంటే ప్రయోగశాల పరీక్షే దారి.

ప్రశ్న (దేవరకొండ):
అక్కా, కాచాను, చాలాసేపు చిటపటమంది! ట్రేలో పోసి పెట్టాను. ఇంకొక్క మాట. ఆడించకుండా మిగిలిన ఎండు కొబ్బరి చిప్పల్లో కొన్నిటి మీద నల్లటి బూజు ఉంది. తుడిచి ఎండలో వేసి గానుగకు పంపవచ్చా?

జవాబు (నల్లగొండ):
పంపవద్దు, పారేయి. తుడిస్తే పైది పోతుంది, బూజు లోపల విషం వదిలి ఉంటే అది పోదు. కొన్ని బూజులు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం వంట వేడికి కూడా లొంగదు, కాలేయానికి చేటు. పశువులకూ పెట్టవద్దు. మిగిలిన మంచి చిప్పలను వేరు చేసి మళ్ళీ ఎండబెట్టు. పచ్చి కొబ్బరిలో సగానికి సగం నీరే ఉంటుంది, అది 6 శాతానికి దిగితేనే గానుగకు సిద్ధమైనట్టు. విరిస్తే వంగకుండా పుటుక్కున విరగాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకో.