విశాఖలో ఈ వసంతంలో తప్పెటగుళ్లు ఎక్కడ చూడవచ్చు?

ఉగాది మొదలు వైశాఖ శుద్ధ తదియనాటి సింహాచలం చందనోత్సవం వరకు విశాఖపట్నంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ జరిగే జానపద కళా ప్రదర్శనల వివరాలు తెలిసినవారు దయచేసి చెప్పగలరా? కళాభారతిలో జరిగే సంగీత, నాటక కార్యక్రమాల సమాచారం పత్రికల్లో దొరుకుతోంది. తప్పెటగుళ్ల సంగతి మాత్రం బృందం ఆడి వెళ్లిపోయాకే తెలుస్తోంది. ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెటలను రెండు చేతులా వాయిస్తూ, కాలి గజ్జెలు ఘల్లుమనేలా ఎగురుతూ, ఒకరి భుజాలపై మరొకరు నిలబడే ఆ ఆటను మా అమ్మాయికి వేదిక మీద కాకుండా వీధిలో, దగ్గరగా చూపించాలని నా కోరిక. ఉత్తరాంధ్ర సొత్తయిన కళను మన పిల్లలు టీవీలోనే చూడవలసి రావడం బాధగా ఉంది. చైత్ర శుద్ధ ఏకాదశినాటి సింహాచలం కల్యాణోత్సవానికి బృందాలు వస్తాయా, వస్తే ఏ వేళకు చేరుకోవాలి? భీమిలి, ఆనందపురం వైపు గ్రామదేవతల పండుగల తేదీలు ముందుగా ఎవరిని అడిగితే తెలుస్తాయి?