భుజం టెండన్ చిరిగితే పీఆర్పీ ఇంజెక్షన్ పనిచేస్తుందా, డబ్బు దండగా?

గాజువాక ఫిట్టర్: కుడి భుజం టెండన్ (కండని ఎముకకి పట్టి ఉంచే తాడులాంటిది) కొంత చిరిగిందని స్కానింగ్‌లో వచ్చింది. వైజాగ్‌లోనే ఒక క్లినిక్‌లో పీఆర్పీ అని మన రక్తం నుంచే తీసి వేశారు, మూడు ఇంజెక్షన్లు, ఒక్కోటి 12 వేలు. రెండేళ్లయింది, ఇప్పటికీ చొక్కా వేసుకోవాలంటే మా ఆవిడ చేయి పట్టి దూర్చాలి. ఇది మోసం కాదా?

ఎంవీపీ షటిల్: మోసం ఎలా అవుతుంది బాబాయ్, అది మన రక్తమే కదా! రక్తం తీసి మిషన్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు కిందకి దిగి పైన పసుపుగా ప్లాస్మా తేలింది, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం భుజంలోకి ఎక్కించారు. అంతా నా కళ్లముందే. నాలుగో నెలకి స్మాష్ కొట్టాను.

గాజువాక ఫిట్టర్: మన రక్తమైతే పనిచేసి తీరాలని రూలుందా?

కంచరపాలెం: మా అమ్మకి షుగర్. భుజానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే షుగర్ 300 దాటింది, అందుకే పీఆర్పీకి వెళ్లాం.

అక్కయ్యపాలెం ఫిజియో: 2013లో టర్కీ డాక్టర్లు రొటేటర్ కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే కండలు, టెండన్లు) నొప్పి ఉన్న 40 మందిలో సగం మందికి పీఆర్పీ, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి, అందరితోనూ వ్యాయామం చేయించారు. ఏడాదికి చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. తర్వాత కొన్ని పరిశోధనల్లో మేలు కనిపించింది, కొన్నిట్లో లేదు. పీఆర్పీలో తెల్లకణాలు ఉంచి తయారుచేసేవాళ్లు కొందరు, తీసేసేవాళ్లు కొందరు, అందుకే పోల్చడమూ కష్టమే. షటిల్ గారూ, వ్యాయామం చేశారా?

ఎంవీపీ షటిల్: రోజూ రబ్బరు బ్యాండుతో చేశాను. అయినా తగ్గింది ఇంజెక్షన్ వల్లే. బాబాయ్ వ్యాయామం ఎగ్గొట్టి ఇంజెక్షన్‌ని తిడుతున్నారేమో.

గాజువాక ఫిట్టర్: నోరు జారకు బాబూ. 28 ఏళ్లు స్పానర్ పట్టిన చేయి ఇది, కష్టానికి వెనకాడేది కాదు. వ్యాయామం అన్న మాటే నాతో ఎవరూ అనలేదు. మూడు వేయించుకుంటే టెండన్ కొత్తగా వచ్చేస్తుంది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. మొన్న ఇంకోచోట మళ్లీ ఎంఆర్ఐ తీస్తే పూర్తిగా తెగిపోయిందట. డబ్బు పోతే పోయింది. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అని ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే నా దారి నేను చూసుకునేవాడిని కదా.

అక్కయ్యపాలెం ఫిజియో: ఆ మాట ముందే చెప్పాల్సింది సార్, చెప్పకపోవడం తప్పే. పూర్తిగా తెగిన టెండన్ సూదితో అతుక్కోదు. ఆలస్యమయ్యేకొద్దీ కొస వెనక్కి లాక్కుపోతుంది, కండలో కొవ్వు చేరుతుంది, తర్వాత కుట్టినా నిలవడం కష్టం. ఆ ఫిల్ములు పట్టుకుని ఈ వారమే భుజం సర్జన్‌ని కలవండి.

ఎంవీపీ షటిల్: సారీ బాబాయ్, ఇదంతా తెలియక అన్నాను. నాది చిన్న చిరుగే. గ్యారంటీ లేదని మా డాక్టర్ గారు ముందే చెప్పారు కూడా. కానీ పీఆర్పీ అంటేనే మోసం అంటే మాత్రం ఒప్పుకోను.

గాజువాక ఫిట్టర్: నీకు చెప్పారు. నాకు చెప్పలేదు.