పది నెలల పాపకి గొంతులో అడ్డుపడితే వీపు మీద ఎంత గట్టిగా కొట్టాలి?

మొన్న ఆదివారం మా పది నెలల పాప నేల మీద పడున్న వేరుశనగ పప్పు నోట్లో పెట్టేసుకుంది. దగ్గు లేదు, ఏడుపు లేదు, పెదాలు నీలంగా అయిపోయాయి. మా అమ్మ కంగారులో పాప నోట్లో వేలు పెట్టబోయింది. కనపడకుండా వేలు పెడితే ఇంకా లోపలికి పోతుందని చదివాను కాబట్టి పాపని లాక్కుని, ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, దవడ పట్టుకుని భుజాల మధ్య అరచేతి అడుగు భాగంతో (మణికట్టు దగ్గరి గట్టి భాగం) కొట్టాను. నాలుగో దెబ్బకి పప్పు బయటపడింది. డాక్టర్‌కి చూపించాం, బాగానే ఉంది.

కానీ నా భయం పోలేదు. ఐదు దెబ్బలకీ రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కాలట, ఏడాదిలోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదట. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేసి సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఇవ్వడం) చెయ్యాలట, 30 నొక్కులకి 2 ఊపిరులు. అంత చిన్న ఛాతీని నాలుగు సెంటీమీటర్లు నొక్కడానికి చెయ్యి వస్తుందా?

నర్సులు, పిల్లల డాక్టర్లు ఉంటే దయచేసి చెప్పండి. దెబ్బ ఎంత బలంగా ఉండాలి? ఏడాది నిండిన రోజు నుంచే పొట్ట నొక్కే పద్ధతికి మారాలా? విజయవాడలో బొమ్మ మీద చేయించి నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అమ్మని కూడా తీసుకొస్తాను, పగలంతా పాప ఆమె దగ్గరే ఉంటుంది.